కదలని ఫొటో

మేం జపాన్‌లో, త్సుకుబాలో ఉంటాం. జులైలో ఒక సాయంత్రం మావాడు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇంటి వెనక ఓక్ తోపులో, ఓ చెట్టు మొదట్లో కనిపించిందట బారుమీసాల పెంకుపురుగు. ఒళ్లే 5 సెంటీమీటర్లు. బూడిదరంగు వీపు మీద పసుపు చారలు. మన మామిడి కాండం తొలిచే పురుగుకి దగ్గరి చుట్టం, రెండూ బాటోసెరా అనే ప్రజాతివే.

"పట్టుకుంటే కీచుకీచుమంటోంది నాన్నా!" వాడి మొహం వెలిగిపోతోంది. సెలవుల్లో సొంతంగా చేయాల్సిన బడి పరిశోధనకి వాడికి విషయం దొరికింది.

ఫొటోలు చూసి ఇలాంటి పురుగుల ఉపజాతి తేల్చడం మూడేళ్లుగా నాకు ప్రాణం. దీన్ని ఇక్కడివాళ్లు షిరోసుజి కమికిరి అంటారు. షిరో అంటే తెలుపు, సుజి అంటే చార. మరి దీనికి పసుపేమిటి? నా మనసు ఆగలేదు. కానీ ఫొటోలో అది నడుస్తోంది, చారల అంచులు అలుక్కుపోయాయి.

"ఇలా అయితే చెప్పలేంరా. కదలకుండా ఉన్న ఫొటో కావాలి" అన్నాను.

ఆగస్టు చివర్లో తెచ్చాడు. ఎంత బాగా తీశాడో! బెరడు మీద కుదురుగా ఉంది. మీసానికి 11 కణుపులూ లెక్కపెట్టొచ్చు. చారలు మాత్రం తెల్లగా, సున్నం గీసినట్టున్నాయి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చున్నాను. పొద్దున్నే వాణ్ని పిలిచి, ఇవి రెండు వేర్వేరు ఉపజాతులని చెప్పాను. ఒకే జాతి పురుగులు ఏ సముద్రమో కొండో అడ్డుపడి తరతరాలు వేర్వేరు చోట్ల బతికితే రంగూ రూపూ తేడా వస్తాయి, అందుకే ఉపజాతికి ఊరే సగం ఆనవాలు అని వివరంగా చెప్పాను.

"ఇంతకీ ఈ రెండోది ఎక్కడ తీశావు?"

"అక్కడే. ఆ చెట్టు దగ్గరే."

"ఒకే చెట్టు మీద రెండు ఉపజాతులుండవురా. సరిగ్గా గుర్తు తెచ్చుకో."

వాడు తలెత్తలేదు.

"రెండు కాదు నాన్నా, అదే ఇది. కదలకూడదన్నావని ఫ్రీజర్లో పెట్టా. చచ్చిపోయాక పసుపంతా పోయింది."