సర్వర్ మీద వినకూడని సలహాలు

కొత్తగా లినక్స్ సర్వర్‌లోకి లాగిన్ అయినవాళ్లకి పక్క సీటువాళ్లు చెప్పే చిట్కాలు కొన్ని ఉన్నాయి. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, వాళ్లకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. ఆ చిట్కాలన్నీ ప్రోగ్రాం ఎలాగోలా నడిస్తే చాలనుకుంటాయి. అది ఎలా ఆగాలన్నది వాటికి పట్టదు. నా మాట ఒకటే: ఎలా ఆపాలో తేల్చుకోకుండా ఏ ప్రోగ్రాంనీ సర్వర్ మీద మొదలుపెట్టకండి.

"ఆగకపోతే కిల్ మైనస్ 9 కొట్టెయ్." అందరి నోటా వినిపించేదీ, ఎక్కువ కొంపలు ముంచేదీ ఇదే. మైనస్ 9 అంటే సిగ్‌కిల్ అనే సిగ్నల్. దాన్ని ప్రోగ్రాం పట్టుకోలేదు, పక్కకి నెట్టలేదు. కెర్నలే ఉన్నపళంగా తీసిపారేస్తుంది, ఒక్క లైను కోడు నడిపే వ్యవధి కూడా ఇవ్వదు. ఒక వర్కర్ క్యూలోంచి ఆర్డర్ తీసుకుంది, కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ చేసింది, పని పూర్తయినట్టు డేటాబేస్‌లో రాయబోతోంది. సరిగ్గా అప్పుడు మైనస్ 9 పడింది. మళ్లీ స్టార్ట్ చేసేసరికి ఆ ఆర్డర్ ఇంకా పెండింగ్‌లోనే కనిపిస్తుంది. రెండోసారి కట్ కాకుండా కోడులో ముందే జాగ్రత్త పడకపోతే ఆ కస్టమర్ డబ్బు మళ్లీ పోతుంది.

సిగ్నల్ నంబరేమీ ఇవ్వకుండా ఉత్త కిల్ కొడితే వెళ్లేది 15, అంటే సిగ్‌టర్మ్. దాన్ని ప్రోగ్రాం అందుకోగలదు. కొత్త పని తీసుకోవడం మానేసి, చేతిలో ఉన్నది ముగించి, ఫైళ్లు మూసి తనే వెళ్లిపోతుంది. అయితే ఆ ఏర్పాటు రాసిపెట్టినవాళ్లకే ఈ మర్యాద దక్కుతుంది. పైథాన్‌లో కంట్రోల్ సీకి సొంతంగా స్పందన ఉంది గానీ సిగ్‌టర్మ్‌కి లేదు. మీరు హ్యాండ్లర్ పెట్టకపోతే ఫైనల్లీ బ్లాకులు కూడా నడవకుండానే ప్రోగ్రాం పోతుంది.

పోస్ట్‌గ్రెస్ దగ్గర ఈ సలహా మరీ ప్రమాదం. ఒక క్వెరీ ఇరుక్కుపోయిందని ఆ ఒక్క సెషన్ ప్రాసెస్‌కి మైనస్ 9 కొడతారు. అందరూ వాడుకునే మెమరీ పాడై ఉండొచ్చని ప్రధాన ప్రాసెస్ మిగతా సెషన్లన్నిటినీ తెంపేసి, రికవరీ మొదలుపెడుతుంది. ఒక్క క్వెరీ కోసం మొత్తం అప్లికేషన్ కాసేపు ఆగిపోతుంది. క్వెరీని రద్దు చేయడానికీ, సెషన్‌ని ముగించడానికీ డేటాబేస్‌లోనే వేర్వేరు ఫంక్షన్లు ఉన్నాయి. వాటినే వాడండి.

"పీఎస్ కొట్టి, జావా అని గ్రెప్ చేసి, వచ్చినవన్నీ చంపెయ్." ఆ మెషీన్ మీద మీ జావా ఒక్కటే ఉందని ఎవరు చెప్పారు? కాఫ్కా జావానే, జెన్‌కిన్స్ జావానే. పిడ్ ఫైల్లోని నంబరునీ గుడ్డిగా నమ్మకండి. ప్రోగ్రాం ఎప్పుడో చచ్చి, అదే నంబరు ఇంకో ప్రాసెస్‌కి వెళ్లి ఉండొచ్చు. కిల్ కొట్టే ముందు ఆ నంబరు ఎవరిదో పీఎస్‌తో ఒకసారి చూడండి.

"నోహప్ పెట్టి, చివర యాంపర్సండ్ తగిలించి ఇంటికెళ్లిపో." ఒక్క రాత్రి నడిచే డేటా కాపీకైతే పర్వాలేదు, దానికి టీమక్స్ ఇంకా నయం. రోజూ నడవాల్సిన సర్వీసుకి మాత్రం ఇది గాలికి వదిలేయడమే. నోహప్ చేసేది టెర్మినల్ పోయినప్పుడు వచ్చే సిగ్‌హప్‌ని పట్టించుకోకుండా చూడడం, అవుట్‌పుట్‌ని ఒక ఫైల్లోకి మళ్లించడం, అంతే. క్రాష్ అయితే మళ్లీ లేపేవాళ్లుండరు, రీబూట్ అయితే అడిగేవాళ్లుండరు, ఆ ఫైలేమో డిస్కు నిండేదాకా పెరుగుతూనే ఉంటుంది.

"ఒక షెల్ స్క్రిప్ట్‌లో చుట్టెయ్" అన్నది కూడా సగం సలహానే. సిగ్‌టర్మ్ స్క్రిప్ట్‌కి తగిలి స్క్రిప్ట్ పోతుంది, లోపలి ప్రోగ్రాం పోర్టు పట్టుకుని అలాగే ఉంటుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్ అని ఎర్రర్. డాకర్‌లో అదే షెల్ ఒకటో నంబరు ప్రాసెస్ అయితే ట్రాప్ పెట్టనిదే సిగ్‌టర్మ్‌కి కదలదు. 10 సెకన్లు చూసి డాకర్ సిగ్‌కిల్ వేస్తుంది. స్క్రిప్ట్‌లో ప్రోగ్రాంని నడిపే చివరి లైను మొదట్లో ఎగ్జెక్ అన్న ఒక్క మాట చేరిస్తే షెల్ స్థానంలోకి ప్రోగ్రామే వస్తుంది, సిగ్నల్ నేరుగా దానికే అందుతుంది.

నేను చెప్పేది ఇది: సర్వీసుని సిస్టమ్‌డికి అప్పగించండి. ప్రోగ్రాం తనంతట తాను బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోనక్కర్లేదు, మామూలుగా ఫోర్‌గ్రౌండ్‌లోనే నడవనివ్వండి. రూట్‌గా కాకుండా దానికంటూ ఒక యూజర్ పెట్టండి. సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ అనగానే ఆ సర్వీసు కింద పుట్టిన ప్రాసెస్‌లన్నిటికీ సిగ్‌టర్మ్ వెళ్తుంది. మామూలుగా 90 సెకన్లు ఆగి, అప్పటికీ మిగిలినవాటికి సిగ్‌కిల్ వేస్తుంది. మీ బ్యాచ్ ముగియడానికి 3 నిమిషాలు పడుతుందంటే యూనిట్ ఫైల్లో ఆ గడువుని పెంచండి. తొందరపడి తగ్గించకండి.

లైవ్‌లోకి పెట్టే ముందు టెస్ట్ సర్వర్ మీద పని గట్టిగా నడుస్తుండగా స్టాప్ కొట్టి చూడండి. సిస్టమ్‌డి జర్నల్‌లో టైమ్డ్ అవుట్, కిల్లింగ్ అన్న లైను కనిపిస్తే రిలీజ్ ఆపి, డెవలపర్ దగ్గర కూర్చుని అది ఏ పని మధ్యలో ఇరుక్కుందో కనుక్కోండి.