నోరు మెదపనందుకు వడ్డీ

పాలవాడికీ పేపరు కుర్రాడికీ ఒకటో తారీఖు దాటనివ్వను, ఎవరికీ పైసా బాకీ లేను అని చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ కోతలు కోస్తున్నన్నాళ్లూ ఆదాయపు పన్ను శాఖ లెక్కల్లో బాకీదారునే. పైగా కాలేజీలో నేను చెప్పేది కామర్స్.

2018లో విజయవాడ కాలేజీ మానేసి హైదరాబాద్‌లో చేరాను. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే పాత జీతం వివరాలు కొత్త చోట ఇవ్వాలి. నేనివ్వలేదు. రెండు కాలేజీలూ ఎవరికి వారు రెండున్నర లక్షల మినహాయింపు ఇచ్చేసి టీడీఎస్ తక్కువ పట్టాయి. రెండు ఫారం 16లూ కలిపి రిటర్ను వేసేసరికి 38 వేలు ఎదురు కట్టాల్సొచ్చింది. ఆడిటర్‌కి ఫీజెందుకు దండగ, నాకు రాదా ఏమిటని నేనే కూర్చుని చలానా కట్టేశాను.

కొన్నాళ్లకు రిటర్నులు పరిశీలించే ఆదాయపు పన్ను శాఖ కేంద్రం, బెంగళూరు సీపీసీ నుంచి డిమాండ్ నోటీసు వచ్చింది. కట్టిన డబ్బు మళ్లీ అడగడమేమిటని మొదట కోపమొచ్చింది. ఇంకో మెయిల్ వచ్చాక కోపం పోయి భయం పట్టుకుంది. ఆపైన తెరవడమే మానేశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నేను చూడకపోతే బాకీ లేదనుకున్నాను. తర్వాతి ఏళ్ల రీఫండ్లు పాత బాకీకి జమేసుకుంటామని సెక్షన్ 245 కింద ముందే చెప్పారట. అదీ చూళ్లేదు. ఇంట్లో అడిగితే "ఈసారి లేటట" అని బొంకాను. నోటీసు వచ్చిన 30 రోజుల్లో కట్టకపోతే నెలకో శాతం వడ్డీ. రీఫండ్లు పోనూ బాకీ 50 వేలు దాటింది.

2024 జనవరిలో మా ఆవిడ నా ఫోన్లో ఆ మెయిల్ చూసి, తిట్టి మరీ ఆడిటర్ దగ్గరికి పంపింది. ఆయన నోటీసు పక్కన పెట్టి చలానా అడిగారు. పెన్ను మొన ఒక గడి మీద ఆనించి, "మాస్టారూ, ఇది ఏ ఏడాదికి కట్టారు?" అన్నారు. అసెస్‌మెంట్ ఇయర్ 2019-20 ఉండాల్సిన చోట 2018-19 అని ఉంది. ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతిదే అసెస్‌మెంట్ ఇయర్ అని ఏటా పిల్లలకు నేను చెబుతూ వచ్చిన పాఠమే అది! నా 38 వేలు ప్రభుత్వం దగ్గరే, పక్క ఏడాది పద్దులో పడి ఉన్నాయి. "మీరు నిజంగా కట్టాల్సింది అడ్వాన్స్ టాక్స్ కట్టనందుకు పడిన వడ్డీ, మూడు వేల చిల్లర. మిగతాదంతా జవాబివ్వనందుకు" అన్నారు.

చలానా సరిదిద్దమని అసెసింగ్ ఆఫీసరుకు అర్జీ పెట్టి, తర్వాత ఆ డిమాండ్ ఉత్తర్వు సవరించమని సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ వేశారు. ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్లే దానికి గడువు. నాకు ఆ మార్చి 31తో తీరిపోయేది. డిమాండ్ రద్దయింది, పట్టుకున్న రీఫండ్లలో అసలు బాకీ పోను మిగిలింది వెనక్కొచ్చింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నది నేనే.

మీకూ అలాంటి మెయిల్ ఉంటే ఈ రోజే ఈ-ఫైలింగ్ పోర్టల్లోకి వెళ్లి 'రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్' తెరవండి. బాకీ నిజమైతే ఒప్పుకోండి, కాకపోతే కాదనండి. ఏది చెప్పాలో తెలియకపోతే ఆడిటర్‌ని అడగండి. నేను దండగనుకున్న ఆ ఫీజు, నా మీద పడిన వడ్డీలో సగం కూడా లేదు.