నాలుగా, ఐదా?

ఆమె కాపురం పుంగనూరు పక్క పల్లెలో. తొలికాన్పు కుప్పంలో, పుట్టింట్లో జరగాలనుకున్నారు. నొప్పులు ముందే వచ్చాయి. 108 ఆమెను మదనపల్లెలో ఒక ఆసుపత్రికి చేర్చింది.

కాన్పు గది గుమ్మం దగ్గర అత్తను ఆపేశారు. గర్భిణికి నచ్చిన తోడు ఒకరిని లోపలికి రానివ్వాలని 2017 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమం చెబుతుంది. ఆ సంగతి రాసిన బోర్డు గుమ్మం పక్కనే ఉంది. అత్త దాని కిందే కూర్చుంది.

లోపల మంచానికీ మంచానికీ మధ్య తెర ఉంది. దాన్ని గోడవైపు లాగి ముడివేశారు.

మొదట ఒక నర్సు వచ్చింది. నైటీ పైకి జరిపి, గ్లవ్ తొడుక్కుని, రెండు వేళ్లు లోపల పెట్టింది. “నాలుగు” అంది. కాసేపటికి ఇంకొకావిడ వచ్చింది. “నాలుగే” అంది. ఆ తర్వాత డాక్టరు, వెనకాల ఇద్దరు విద్యార్థులు.

“ఐదుంటుంది మేడమ్.”

“కాదు, నాలుగే. మళ్లీ చూడు.”

ఆ అబ్బాయి మళ్లీ చూశాడు. రెండోవాడూ చూశాడు. ఆమె కాళ్లు దగ్గరికి తీసుకుంది.

“అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?” అంది ఆయా.

డ్యూటీ మారింది. “పీవీ అయిందా?” అని కొత్తగా వచ్చినవాళ్లు అడిగారు. కేస్‌షీట్‌లో ఎవరూ ఎక్కించలేదు. మళ్లీ చేశారు.

గర్భాశయ ముఖం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో తెలుసుకునే పరీక్ష అది. పది వస్తే బిడ్డకు దారి అయినట్టు. చూడక తప్పదు. అయితే నొప్పులు జోరందుకున్నాక అంతా సవ్యంగా సాగుతుంటే నాలుగు గంటలకోసారి చూస్తే చాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు చూడటం మానుకోమంది. ఊరికే అన్న మాట కాదది. లోపలికి వెళ్లే ప్రతి చెయ్యీ క్రిములకు దారే. వియన్నాలో శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు కాన్పు గదికి వచ్చి తల్లులను పరీక్షించేవాళ్లు. బాలింతలు జ్వరంతో చనిపోయేవాళ్లు. 1847లో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు వాళ్ల చేత చేతులు కడిగించాకే ఆ చావులు తగ్గాయి.

ఆమెకు ఇవేవీ తెలియవు. నాలుగో, ఐదో అంటుంటే మంచం నంబరనుకుంది. వచ్చినవాళ్లందరికీ మాస్కులే. ఎవరు డాక్టరో, ఎవరు కాదో కూడా తెలియలేదు.

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. డిశ్చార్జి రోజున ఒక కాగితం ఇచ్చారు. ఇబ్బందులేమైనా ఉంటే రాయమన్నారు. మొగుడు “ఏమీ లేవు” అని రాసి సంతకం పెట్టాడు. కుప్పంలో అమ్మ అడిగితే, సుఖంగానే అయిందని చెప్పింది.

ఐదో నెలలో పిల్లనెత్తుకుని అత్తింటికి వచ్చింది. ఆ వారంలోనే ఇంట్లో పుంగనూరు ఆవుకు నొప్పులు మొదలయ్యాయి. ఉమ్మనీరు పోయి చాలాసేపైనా దూడ రాలేదు. అత్త కొట్టానికి అడ్డంగా పాతచీర కట్టింది. గోడెక్కి చూస్తున్న పిల్లలను తరిమింది.

“పోండ్రా అవతలికి. ఇంతమంది చూస్తా ఉంటే అది ఎట్ల ఈనుతుంది?”

కొడుకును కూడా బయటికి పంపేసింది. కోడల్ని మాత్రం లాంతరు పట్టుకోమంది.

పశువుల డాక్టరు వచ్చాడు. పెద్దాయన. మోచేతి దాకా సబ్బుతో కడుక్కున్నాడు. నూనె రాసుకున్నాడు. ఆ ఆవు మనిషి నడుమెత్తు కూడా లేదు. ఆయన పేడలోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెంటనే చెయ్యి పెట్టలేదు. ఎడమచేత్తో దాని వీపు నిమిరాడు. తోక దగ్గరి దాకా నిమిరి ఆగాడు. అది బెదిరి పక్కకు జరిగింది. దానితోపాటు తనూ జరిగి మళ్లీ నిమిరాడు.

“లచ్చిమీ, చెయ్యి పెడతాండా తల్లీ. నొప్పి పుడతాది. రవ్వంత ఓర్చుకో.”

ఆవు కుదురుగా నిలబడేదాకా చూశాడు. అప్పుడు చెయ్యి పెట్టాడు. దూడ ముందుకాలు ఒకటి మడతపడి ఉంది. లోపలికి నెట్టి, కాలు సరిచేశాడు. కాసేపటికి దూడ బయటపడింది.

అత్త నీళ్లచెంబుతో వచ్చింది. కోడలి చేతిలో లాంతరు వణుకుతోంది.

“ఎందుకమ్మా ఏడుస్తాండావు? ఆవు బాగుండాది, దూడ బాగుండాది.”

“ఆయప్ప దానికి చెప్పి చెయ్యి పెట్టినాడత్తా.”