సైటు బాగానే ఉంది, బ్రౌజరే మార్చుకోండి

సూర్యాపేట జిల్లా 2016 అక్టోబర్ 11న పుట్టింది. గెజిట్ ఒప్పుకుంది, కలెక్టరేట్ ఒప్పుకుంది, కోదాడ కూడా ఒప్పుకుంది. ఆన్‌లైన్ దరఖాస్తులో జిల్లాను ఎంచుకునే మెనూ ఒక్కటే ఒప్పుకోదు. పేరు లేక కాదు, 33 జిల్లాలూ ఉన్నాయి. బాణం గుర్తు నొక్కగానే జాబితా దిగుతుంది. దిగి, కింద చేతులు జోడించి నవ్వుతున్న నేతగారి ఫొటో వెనక్కి దూరుతుంది. ఆదిలాబాద్ వాళ్లు అదృష్టవంతులు, పైనే ఉన్నారు. ఎస్ అక్షరం వాళ్లం ఆ నవ్వు చాటునే బతకాలి.

సైటు వాళ్లకు ఫోన్ చేసి అడిగితే ఒకటే జవాబు: "సైటు బాగానే ఉందండీ, మీ బ్రౌజర్‌లోనే ఏదో ఉంది." బ్రౌజర్ మార్చాలట. హిస్టరీ తుడిచేయాలట. ఫోన్‌లో డెస్క్‌టాప్ మోడ్ పెట్టాలట. అయినా రాకుంటే రాత్రి పదకొండు దాటాక చూడాలట. అప్పటికి ఫొటో పడుకుంటుంది కాబోలు.

కోదాడలో, మిర్యాలగూడలో ఇంటర్నెట్ సెంటర్లు నడిపే పిల్లలు ఈ విద్యలో ఆరితేరారు. "ఆగే అన్నా, జూమ్ తగ్గిస్త" అని కంట్రోల్ పట్టుకుని మైనస్ కొడుతుంటే పేజీ ముడుచుకుంటూ పోయి, 67 శాతం దగ్గర జాబితా బయటపడుతుంది. అసలు తెరుచుకోని రకానికి మంత్రం వేరు: ట్యాబ్‌తో పెట్టె మీదికి పోయి ఎస్ మూడుసార్లు కొట్టడం. సంగారెడ్డి, సిద్దిపేట, సూర్యాపేట. మిర్యాలగూడ వాళ్లకు ఎన్ రెండుసార్లు చాలు, నాగర్‌కర్నూల్ తర్వాత నల్లగొండే. అదే మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో సార్టెక్స్ మిషన్ రంగు మారిన గింజను రెప్పపాటులో పట్టి అవతల పడేస్తుంది. మిల్లు పక్క సందులో కంప్యూటర్‌కు మాత్రం జిల్లా దొరకదు.

ఈ జబ్బు మూలం చాలాసార్లు జెడ్-ఇండెక్స్. పేజీలో ఏ ముక్క పైన, ఏది కింద అని చెప్పే అంకె అది. ఒకాయన మెనూకు 10 రాస్తాడు, ఇంకొకాయన ఫొటోకు 100 పాడతాడు, మొదటాయన పంతానికి పోయి 9999 అంటాడు. తీరా చూస్తే మెనూ ఉన్న డబ్బా మొత్తం ఫొటో ఉన్న డబ్బా కింద ఉంటుంది. లోపల ఎన్ని తొమ్మిదులు రాసుకున్నా ఆ డబ్బా దాటి పనిచేయవు. బయటి డబ్బాకు ఒక్క అంకె మారిస్తే పోయేదానికి జిల్లా అంతా బ్రౌజర్లు మార్చుకుంటోంది.

నిజంగా బ్రౌజర్ తప్పయిన రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు? 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో ఎంపిక పెట్టెలను విండోస్ తనే గీసేది. అవి ఏ మెనూనైనా పొడుచుకుని పైకి వచ్చేవి. మెనూ కింద ఐఫ్రేమ్ అనే ఖాళీ చట్రం ఒకటి పరిచి వాటిని అణచిపెట్టేవాళ్లు. 2006లో ఏడో వెర్షన్‌తో ఆ పీడ వదిలింది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరరే రిటైరైంది. దాని పేరు చెప్పి నేర్చుకున్న సాకుకు మాత్రం మనవాళ్లు పదవీకాలం పొడిగిస్తూనే ఉన్నారు.

సెంటర్ పిల్లల తెలివి వల్ల దరఖాస్తులు పడుతూనే ఉంటాయి. పడుతున్నాయి కనుక సైటు భేషుగ్గా ఉందని పైకి రిపోర్టు పోతుంది. సరే, అలాగే పోనీయండి. రసీదులో మాత్రం ఇంకో గడి పెట్టించండి: దరఖాస్తు రుసుము ఇంత, మెనూ తెరిపించిన కూలి ఇంత.