నోరున్న బీగం

మా ఇంట్లో దొంగతనం జరిగితే పోలీసులు మొదట నన్నే పట్టుకుపోవాలి. నేను దొంగనని కాదు. దొంగకు కావలసిన వివరాలన్నీ నా నోట్లోంచే బయటికొస్తాయి గనక.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. వెనక బెంచీ దాకా వినబడేలా ముప్పై ఏళ్ళు అరిచీ అరిచీ, గుసగుసలాడడం అనే విద్య నా గొంతు మర్చిపోయింది. బ్యాంకు నుంచి ఓటీపీ వస్తే ఎక్కం అప్పజెప్పినట్టు అంకె అంకెకీ ఆగి చదువుతాను. పక్కింటి తమిళావిడ తన వంటింట్లోంచి "చివరిది ఏడా, ఒకటా సార్?" అని అడిగిన రోజులున్నాయి.

మా ఊరు కేజీఎఫ్ పేరుతో సినిమాలు వచ్చాక, హైదరాబాదు చుట్టాలకు మేం బంగారాన్ని బస్తాల్లో కట్టి అటక మీద పెట్టుకున్నామని ఒక అనుమానం. 2001 ఫిబ్రవరి 28న ఇక్కడి బంగారు గనులు మూతబడ్డాయి. మాకు మిగిలింది సైనైడ్ దిబ్బలు, గాలి తిరిగితే వాటి మీంచి లేచొచ్చి ఆరేసిన బట్టల మీద కూర్చునే దుమ్ము. ఇప్పుడు మా ఇంట్లో దాచుకోదగ్గ బంగారం ఏదైనా ఉందంటే అది పాస్‌వర్డులే. దానికి కాపలా నేను. అదీ ఖర్మ.

మా ఇంటి పాస్‌వర్డుల వ్యవస్థకు మొదటి వెర్షన్ గోడ మీది క్యాలెండరు. జనవరి కాగితం వెనక కరెంటు బిల్లుది, ఫిబ్రవరి వెనక గ్యాసుది, మార్చి వెనక నాయన పింఛనుది. పద్ధతి గొప్పగానే ఉండేది. అయితే నెల తిరగ్గానే మా ఆవిడ పాత కాగితం చింపి దేనికో ఒకదానికి వాడేది. అలా ఒకసారి కరెంటు పాస్‌వర్డు కరివేపాకు పొట్లమై పక్కింటికి వెళ్ళిపోయింది. శివనసముద్రం నీళ్ళతో పుట్టిన కరెంటు మా గనులకు 1902లోనే వచ్చింది. బెంగళూరు వీధుల్లో ఆ దీపాలు వెలిగింది 1905లో. రాజధాని కంటే మూడేళ్ళు ముందు వెలుగు చూసిన ఊళ్ళో, బిల్లు కట్టే మాట దొరక్క రెండు రాత్రులు కొవ్వొత్తులు పెట్టుకు కూర్చున్న సంసారం మాది.

రెండో వెర్షన్ నా జ్ఞాపకశక్తి. జ్ఞాపకం బాగానే ఉంది, దానికి తలుపే లేదు.

బంగారుపేట పానీపూరీ తిన్నవాళ్ళకు తెలుసు. ఆ నీళ్ళు కొళాయి నీళ్ళలా తేటగా, ఏమీ ఎరగనట్టు ఉంటాయి. నోట్లో పడ్డాకే అసలు సంగతి తెలుస్తుంది. ఒక సాయంత్రం బండి దగ్గర నాలుగో పూరీ బుగ్గన పెట్టుకున్న సమయానికి పలమనేరు నుంచి మా తోడల్లుడు ఫోన్ చేశాడు. టీవీలో సినిమాలు చూసే ఆ యాప్ పాస్‌వర్డు కావాలట. కళ్ళలో నీళ్ళు, ముక్కులో మంట. ఆ స్థితిలోనే "పెద్ద కే... కాదన్నా, పెద్ద కే... తర్వాత చిన్న జీ..." అని మొత్తం చెప్పేశాను. ఆయనకు సరిగ్గా వినబడలేదని రెండోసారి ఇంకొంచెం గట్టిగా చెప్పాను. బండి చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. ఒకాయన మర్యాదగా తినడం కూడా ఆపాడు.

రాత్రికి మా టీవీలో మూడు కొత్త మొహాలు వెలిశాయి. రెండు తోడల్లుడి పిల్లలవి. మూడోది ఎవరిదో ఇవాళ్టికీ తెలీదు. కాకపోతే ఆ మనిషి అభిరుచి మంచిది. అతను చూసిన సినిమాలే నేనూ చూస్తూ వచ్చాను.

ఈ సంగతి బయటపడ్డ రోజు మా ఆవిడ అబ్బాయితో అంది: "ఒరే, మీ నాయన నోటికి బీగం ఏసే యాప్ ఏదన్నా ఉండాదేమో చూడరా."

ఉంది. మావాడు రోజూ మారికుప్పం బండెక్కి బెంగళూరు పోయి, కంప్యూటర్ల ముందు కూర్చుని, రాత్రికి తిరిగొచ్చే జాతివాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరినీ హాల్లో కూర్చోబెట్టి మా ఫోన్లలో పాస్‌వర్డులు దాచే యాప్ ఎక్కించాడు. ఇంటిల్లిపాదికీ ఒక ఉమ్మడి పెట్టె, ఎవరికి వాళ్ళకు ఒక సొంత పెట్టె. సొంత పెట్టెకు ఒకే ఒక పెద్ద పాస్‌వర్డు. అది కంపెనీవాళ్ళకు కూడా తెలియదట. మనం మర్చిపోతే వాళ్ళు కూడా తెరవలేరట.

"తెరవలేనోళ్ళకి దుడ్డెందుకు ఇయ్యాల?" అన్నాడు నాయన.

"వాళ్ళు తెరవలేరు గనకే ఇవ్వాల తాతా," అని మావాడు బీగాల కథ చెప్పాడు. ప్రతి మనిషికీ తన పేరున బోలెడు తెరిచిన బీగాలుంటాయి. అవి ఎవరైనా తీసుకోవచ్చు. అమ్మకు ఏదైనా పంపాలంటే దాన్ని డబ్బాలో పెట్టి అమ్మ బీగం నొక్కేస్తే సరి. నొక్కినవాడు కూడా మళ్ళీ తెరవలేడు. బీగం చెవి అమ్మ దగ్గర ఒక్కటే ఉంటుంది. మధ్యలో డబ్బాను మోసే కంపెనీకి దాని బరువు తెలుస్తుందేమో గాని, లోపలి సరుకు తెలీదు.

నాయనకు ఇది వెంటనే అర్థమైంది. షిఫ్టు దిగి పైకొచ్చిన మనిషిని ఒంటి మీది గుడ్డతో సహా సోదా చేసి పంపిన గనిలో పనిచేసినవాడాయన. నమ్మకం లేని చోట ఏర్పాట్లు ఎలా ఉంటాయో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫోన్‌కు వేలిముద్ర పెట్టమన్నప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. 1930లో కంపెనీ కూలీలందరి వేలిముద్రలూ తీసి రిజిస్టరు రాస్తామంటే జనం పని ఆపేసి సమ్మె కట్టిన ఊరు ఇది. "మీ ముత్తాత ఇయ్యలేదు, నేనిస్తానా?" అన్నాడు. చివరికి ఎడమ చేతి చిటికెన వేలు ఇచ్చాడు. ఒప్పుకున్నట్టు కాదు, ముష్టి వేసినట్టు.

మాస్టర్ని గదా, నా వంతుగా చరిత్ర విప్పాను. కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టే ఆలోచన 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టీ.లో, ఫెర్నాండో కార్బటో అనే ఆయన బృందంలో మొదలైంది. నలుగురూ పంచుకునే ఒకే యంత్రం మీద ఎవరి ఫైళ్ళు వాళ్ళకుండాలని. 1962లో అక్కడే ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన యంత్రం సమయం చాలక, అందరి పాస్‌వర్డులున్న ఫైలు మొత్తం అచ్చు తీయించుకున్నాడు. బిడ్డ పుట్టిన పురిటింట్లోనే దొంగ పడ్డాడన్నమాట.

"ఆయన నయం," అంది మా ఆవిడ. "తన అవసరానికి తీసుకున్నాడు. మీరు అవసరం లేనోళ్ళకి గూడా పంచుతారు."

అక్కణ్ణుంచి అప్‌డేట్లు మొదలయ్యాయి. ఆ యాప్‌కు కొత్త వెర్షన్ వచ్చిందంటే పండగ మావాడికి, పరీక్ష నాకు.

మొదటి అప్‌డేట్‌తో పాస్‌వర్డు పంచుకునేటప్పుడు ఎవరికి ఎంత హక్కో పెట్టే వీలు వచ్చింది. ఉమ్మడి పెట్టెకు యజమానురాలు మా ఆవిడ. నా పేరు పక్కన ఏముందో చూస్తే: వాడుకోవచ్చు, చూడలేరు. అంటే నేను మీట నొక్కితే పాస్‌వర్డు దానంతటది వెళ్ళి గళ్ళో కూర్చుంటుంది, నాకు చుక్కలు కనబడతాయి. నిజానికి వంటింట్లో కూడా నా హక్కు ఇంతే: తినవచ్చు, తాకరాదు. "ఇట్లా దాచినా, తెలిసినవాడు బ్రౌజర్లోంచి బయటికి లాగగలడు నాన్నా," అన్నాడు మావాడు నన్ను ఓదారుస్తూ. "తెలివైనవాడికి ఇది అడ్డం కాదు. మీకు చాలు."

రెండో అప్‌డేట్, ఒక్కసారి మాత్రమే తెరుచుకునే లింకు. బయటివాళ్ళకు ఏదైనా పంపాలంటే ఇది మేలట. చూశాక మాయమైపోతుంది. గ్యాసు పాస్‌వర్డు కోసం మావాడు నాకే ఒకటి పంపి చూశాడు. తెరిచాను, అక్షరాలు చీమల్లా కనబడ్డాయి. కళ్ళజోడు వెతుక్కొచ్చేసరికి లింకు కాలం చేసింది. రెండోది పంపాడు. కళ్ళజోడు ఉంది, పెన్ను లేదు. మూడోది పంపేముందు మా ఆవిడ విసిగిపోయి, వంటింట్లోంచే పాస్‌వర్డు గట్టిగా చదివేసింది. పక్కింట్లో చప్పుడు ఆగింది. ఆ ఒక్క రోజు మాత్రం తప్పు నాది కాదు.

మూడోది అత్యవసర ప్రవేశం. మనకేదైనా అయితే, మనం ముందే పేరిచ్చిన మనిషి పెట్టె తెరవమని అడగొచ్చు. కొన్ని రోజులు ఆగుతుంది. ఆలోపు మనం కాదనకపోతే తెరుచుకుంటుంది. మంచి ఏర్పాటే. మామిళ్ళ కాలంలో మా ఆవిడ శ్రీనివాసపురం పుట్టింటికి వెళ్ళింది. గ్యాసు బుక్ చెయ్యడానికి నేనేదో నొక్కాను. గంటలో ఫోన్ వచ్చింది.

"మీరు నా పెట్టె తెరవమని అడిగినారంట. ఏడు దినాలు చూస్తారంట."

"గ్యాసు కోసం..."

"నేనింకా బతికే ఉండాను. చెట్టెక్కి కాయలు కోయిస్తా ఉండాను. తిరస్కరించినాను."

తిరస్కరణ లిఖితపూర్వకంగా కూడా వచ్చింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నా మాట కాదన్న సందర్భాలు లెక్కలేనన్ని. తేదీ, సమయంతో రికార్డయింది ఇదొక్కటే.

నాలుగో అప్‌డేట్ నా కొంప ముంచింది. దాని పేరు పాస్‌వర్డుల ఆరోగ్య నివేదిక. ఏవి బలహీనమో, ఏవి రెండు మూడు చోట్ల వాడారో యాప్ తనే తూకం వేసి చెబుతుంది. మావాడు నా ఫోన్ తీసుకుని అందరి ముందూ నొక్కాడు. నాకు ముప్పై ఒక్క ఖాతాలు. ఇరవై ఏడింటికి ఒకటే పాస్‌వర్డు. ఫోనంతా ఎర్రగా అయింది, మిరపకాయలు ఆరబోసినట్టు.

"ఒక్క చోట లీకైతే ఇరవై ఏడు తలుపులూ తెరుచుకుంటాయి నాన్నా. లెక్కల మాస్టరు గదా మీరు?" అన్నాడు. ఆ పాస్‌వర్డు ఏమిటో చూశాడు. మాట్లాడకుండా తన ఫోన్ తీశాడు. కాలేజీలో తెరిచిన పాత మెయిలుకు తనదీ అదే. మా ఆవిడ చీటీల డబ్బు దాచుకునే ఖాతా ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. దానిదీ అదే. ముందో వెనకో ఒక అక్షరం తేడా.

అది నాయన గని టోకెన్ నంబరు.

నా చిన్నప్పుడు మా అమ్మ మాకు ఎక్కాల కంటే ముందు నేర్పిన అంకెలవి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత లోతున ఒత్తిడికి రాయి తనంతట తను పేలేది. ఆ అదురు ఇంట్లో గిన్నెలకు తెలిసేది. అప్పుడు ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని గని వాకిలికి పరిగెత్తి, మనిషి పేరు అడిగేవాళ్ళు కాదు, నంబరు అడిగేవాళ్ళు. మా ఆవిడ కోడలిగా వచ్చాక ఆమెకూ అమ్మ అదే నేర్పింది. అందరం ఎవరికి వాళ్ళం గొప్ప రహస్యం దాచుకున్నాం అనుకున్నాం. ఇల్లంతా ఒకే రహస్యం.

"ఇది బలహీనం అంటా ఉంది తాతా," అన్నాడు మావాడు కొంచెం గొంతు తగ్గించి.

నాయన ఫోను వైపు చూశాడు. "బలహీనమా? దాన్ని పెట్టుకుని ముప్పై ఆరేండ్లు దిగినాను, ముప్పై ఆరేండ్లు ఎక్కినాను," అని, కాసేపాగి, "మార్చుకోండి. ఇప్పుడు దిగేవాళ్ళు ఎవరుండారు?" అన్నాడు.

మార్చుకున్నాం. ఇప్పుడు మావాడి ఉపదేశం ఏమిటంటే, గుర్తులూ అంకెలూ కలగలిపి కంగాళీ చెయ్యనక్కర్లేదు, పొడుగ్గా ఉంటే చాలు. ఊరికే మూడు నెలలకోసారి మార్చమని జనాన్ని వేధించొద్దని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థే 2017లో చెప్పిందట. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఏరుకోమన్నాడు. ఏరుకున్నాను. ఎక్కడా రాయలేదు. క్యాలెండరు జోలికి పోలేదు. అవేమిటో మా ఆవిడకు చెప్పలేదు, మావాడికి చెప్పలేదు, మీకూ చెప్పను. మొత్తం మీద మనిషిని మారాను.

మర్చిపోకుండా ఉండాలని వారం రోజులు పొద్దున్నే స్నానం చేస్తూ వల్లె వేసుకున్నాను. నిన్న యాప్ పెద్ద పాస్‌వర్డు మళ్ళీ అడిగింది. మొదటి మాట కొట్టాను. రెండో మాట కొట్టాను. మూడోది రాలేదు. పైకి చూశాను, ఫ్యాను తిరుగుతోంది. కళ్ళు మూసుకున్నాను, పానీపూరీ కనబడింది. ఏదో జంతువు. ఏ జంతువు?

గనిలో తూటాల మోతకు చెవులు దెబ్బతిని, అన్నానికి మూడుసార్లు పిలిస్తే గాని పలకని మా నాయన, వరండాలో మంచం మీంచి తల తిప్పకుండా అన్నాడు:

"ఏనుగు రా."

నాలుగో మాట కూడా చెప్పేవాడే. ఈలోగా పక్కింటావిడ అందించింది.