డుమువులు వచ్చినోడికి జపాన్ దూరమా?

ఏమిరా అబ్బీ, జపాన్ భాష నేర్చుకుంటున్నావంట. సంతోషమే. కానీ నేర్చుకునే తీరు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ‘ని’ అంటే టు, ‘కరా’ అంటే ఫ్రమ్ అని ఫోన్లో ఇంగ్లీషు చూసి బట్టీ పడుతున్నావు. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది నీ చదువు.

మా రోజుల్లో ఎమ్మిగనూరు బడిలో ఐవారు డు-ము-వు-లు అని విభక్తులు ఎత్తుకుంటే ఓ, ఓయి, ఓరి, ఓసి దాకా అందరం గొంతు కలపాల్సిందే. ఒకడు తప్పితే వరసంతా మళ్లీ మొదటికి. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సంఘం పెట్టిన ఊరాయె, బడి గోడ అవతలే మగ్గం ఆడుతుండేది. ఆ మగ్గం గుంతలో కూర్చున్న పెద్దాయన బడి మొహం చూసినోడు కాదు. అయినా మేము తృతీయ మింగేసి చతుర్థికి పోతే లోపలి నుంచే కేకేసేవాడు. వినీ వినీ ఆయనకూ వచ్చేసింది. ఇప్పుడా మగ్గాలూ తగ్గిపాయె, ఆ గొంతులూ పాయె.

ఆ జపాన్ వాక్యం చూడు: ‘వతాషి వా గోహన్ ఓ తబేమస్’. నేను, అన్నం, తింటాను. అదే వరస, క్రియ చివర్నే. వాళ్ల వా, ఓ, ని, దే అన్నీ మన విభక్తుల మాదిరే మాట వెనక వచ్చేవి, ఇంగ్లీషులో లాగా ముందుకొచ్చి కూర్చునేవి కావు. ఇల్లు దాటేటప్పుడు వాళ్లనేది ‘ఇత్తె కిమస్’, అంటే పోయొస్తా అని. ఉత్త ‘పోతా’ అంటే మీ అవ్వ ఊరుకుంటుందా? ‘తబేతె మితె’ అంటే తిని చూడు. ఇంతకన్నా దగ్గరి దారి ఏం కావాలిరా నీకు? సుసుము ఓనో అనే జపాన్ పండితుడు వాళ్ల భాషకూ తమిళానికీ చుట్టరికం ఉందని పుస్తకాలే రాసినాడు. తక్కిన పండితులు చాలామంది ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోతే పోనీ, నడక ఒకటే.

అప్పుడు భాషకు కోర్సులెక్కడివి? ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోదే. సిరుగుప్ప దిక్కు నుంచి పత్తి బండి మండీలో ఆగితే గుమాస్తా కన్నడంలో ‘ఎల్లింద బందిరి?’ అనేవాడు. ‘ఇంద’ అంటే నుంచి అని ఎవరూ చెప్పలేదు. బండి దిగిన మనిషి తన ఊరి పేరు చెబితే మాకు తెలిసిపాయె. టీ అంగట్లో ఉర్దూ కూడా అట్లే వచ్చింది. నిదానంగా వచ్చేది, వచ్చింది పోయేది కాదు.

ఒక్కచోట మాత్రం నా విభక్తులు నిలబడవు, ఒప్పుకుంటా. ఆదోనిలో ఉన్నా, ఆదోనిలో పని చేస్తున్నా: మనకు రెంటికీ ‘లో’నే. వాళ్లకు ఉండేదానికి ‘ని’, పని చేసేదానికి ‘దే’. పైగా ఆదోనికి పోయేదానికీ అదే ‘ని’. ఇది నువ్వు చెబితేనే తెలిసింది. మా ఐవారు వినుంటే ఎంత సంబరపడేవాడో!

ఇంక మీ జపాన్ భాష పరీక్ష. ఎన్-5తో మొదలుపెట్టి ఎన్-1కి ఎక్కాలంట. మేము ఒకటో తరగతి నుంచి ఐదుకు ఎక్కినోళ్లం. సరే, అది వాళ్ల ఇష్టం. కానీ అందులో మాట్లాడేది లేదు, చేత్తో ఒక్క వాక్యం రాసేది లేదు, ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఏరి గుండ్రం నింపడమే. నోరు తెరవకుండానే భాష వచ్చిందని కాగితం ఇస్తారా ఎవరన్నా? ఆ కాగితం అడిగే కంపెనీవాళ్లకు చూపించుకో. నాకు మాత్రం కాగితం వద్దు, ఇట్ల ఎదురుగా కూర్చోని నోరు తెరిచి మాట్లాడు.