వాటానికి దిక్కేది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఏదైనా సరే, మిద్దె కట్టాలనుకున్నవాళ్లలో చాలామంది ఇంజనీరుకన్నా ముందు వాస్తు పండితుణ్ణి పిలుస్తారు. ఆయన సెల్‌ఫోనులో దిక్సూచి తెరిచి, నాలుగు మూలలూ తిరిగి రెండు ఆజ్ఞలు వేస్తాడు. స్థలం వాటం ఈశాన్యానికి ఉండాల. సెప్టిక్ ట్యాంకు మాత్రం ఈశాన్యంలో ఉండనే కూడదు, వాయవ్యంలో తవ్వాల. అంటే నేల అటు వాలుతుంటే మురుగు ఇటు నడవాలన్నమాట. బేల్దారి తల గోక్కుంటాడు. గోక్కోనీండి, ఆయనకు శాస్త్రం తెలీదు కదా!

ఆయనకు తెలిసిందల్లా నలభై అడుగుల పైపుకు అడుగు వాటం ఇవ్వాలని. గదుల కింద మలుపులు తిరిగి వాయవ్యం చేరేసరికి ఆ అడుగు ఎక్కడో కరిగిపోతుంది. ఇక ఆ పైపులో నీళ్లు ముందు పోతాయి, గట్టిది వెనక నిలిచిపోతుంది. వానలు పడి ఇంకుడు గుంత నిండిందా, పోయిందంతా తిరిగొస్తుంది. ఏ నోరు పల్లంలో ఉంటే ఆ నోట్లోంచే వస్తుంది, దిక్కు అడగదు.

మూడో ఆజ్ఞ మీద నాకు ప్రత్యేక అభిమానం. మరుగుదొడ్డి గచ్చు ఇంటి గచ్చుకన్నా ఎత్తులో ఉండాలట. దాంతో పొంగిన నీళ్లు దర్జాగా మెట్టు దిగి పడగ్గదిలోకి వస్తాయి. టైల్స్ సందుల్లోంచి దిగి అడుగున ఇసుకను నానబెడతాయి. కొన్నాళ్లకు కాలు పెడితే డొల్లగా మోగుతుంది. గోడ అడుగున చెమ్మ పాకి సున్నం పెచ్చులూడుతుంది, తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది. కుప్పం గ్రానైటు పరిచినవాళ్లు మా రాయి చెడదంటారు. నిజమే, చెడేది దాని కిందిది.

కమోడుకు ఎస్ వంపు గొట్టం తగిలించి 1775లో పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ కమ్మింగ్ లండన్‌లో గడియారాలు చేసేవాడు. పాపం, దిక్సూచి జోలికి పోలేదు.

గది మునిగాక మళ్లీ పండితుడికే కబురు. ఆయన పైపు చూడడు. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలని చెప్పడు. గాజు గిన్నెలో కల్లుప్పు పోసి మూలన పెట్టమంటాడు. దోషం ముదిరితే కమోడు మొహం ఉత్తరానికి తిప్పమంటాడు. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించకూడదని 2013లో చట్టమొచ్చింది. అయినా దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు. వాళ్లు ఏ దిక్కున దిగితే క్షేమమో మాత్రం ఏ పండితుడూ చెప్పడు.

చివరికి ట్యాంకు లారీ వస్తుంది. "అన్నా, మూత యాడుంది?" అంటాడు డ్రైవరు. కనబడితే బాగుండదని దానిమీద ఎప్పుడో టైల్స్ పరిచేశారు. పగలగొట్టక తప్పదు. ఇంటాయన ఫోను తీస్తాడు. ముహూర్తం అడగాల కదా.